చక్రం కింద ఇటుక

రోడ్డు మీద నిలబడి వ్యాపారం చేసేవాళ్ల వల్లే దేశం ముందుకు కదలడం లేదని మంత్రిగారు కనిపెట్టారు. ఇంత చిన్న సంగతి అంతకుముందు ఎవరికీ తట్టకపోవడం మన దురదృష్టం. వెంటనే చట్టం వచ్చింది. తోపుడు బండ్లవాళ్లు నిక్షేపంగా వ్యాపారం చేసుకోవచ్చు, కానీ ఆగకూడదు. ఆగితే బండి జప్తు.

పోస్టాఫీసు గోడ నీడన ఇస్త్రీ బండి పెట్టుకున్న తల్లికి, మొగుడు పోయాక ఆ బండే ఆధారం. దాని మీదే కూతుర్ని సాకుతోంది. చట్టం వచ్చిన రోజున చక్రం కింది ఇటుక తీసి బట్టల మూటల మధ్య పెట్టుకుంది. "ఎప్పటికైనా పనికొస్తుందిలే" అంది కూతురితో. ఆనాటి నుంచి కూతురు బండి తోసేది, తల్లి పక్కనే నడుస్తూ ఇస్త్రీ చేసేది. కాలరు దగ్గర "మెల్లిగా" అనేది, దుప్పటి అయితే "పోనీ" అనేది. మలుపు తిరిగేటప్పుడు బొగ్గుల పెట్టె ఎత్తి పట్టుకోవాలని చెయ్యి కాలాకే తెలిసింది.

కూతురు అలాగే పెరగసాగింది. ఎక్కాలు కూడా నడుస్తూనే నేర్చుకుంది. బడిలో ఒకచోట కుదురుగా ఉండదని టీచరమ్మ దానికి బొంగరం అని పేరు పెట్టింది. ఓ రోజు లెక్క తప్పు చేసిందని "గోడ దగ్గర నిలబడు" అంటే పిల్ల బావురుమంది.

"ఇంకేం చేసినా సరే టీచర్, నిలబడమనకండి. పట్టుకుపోతారు."

టీచరమ్మ కళ్లు తుడుచుకుని, గది చుట్టూ తిరగమంది.

చట్టానికి ఏడాది నిండిన సంబరానికి మంత్రిగారు ఆ వీధికే దయచేశారు. కారు దిగేసరికి చొక్కా కాస్తా నలిగిపోయి ఉంది. ఫొటోలవాళ్లు అప్పటికే వచ్చేశారు. పీఏ చొక్కా పట్టుకుని పరిగెత్తాడు.

"అమ్మా, ఒక్క నిమిషం బండి ఆపు."

"ఆపితే తీసుకుపోతారు బాబూ."

"మంత్రిగారి చొక్కా అమ్మా!"

"చట్టం కూడా వారిదే కదా బాబూ. ఇటివ్వండి, నడుస్తూ చేసిస్తా."

చొక్కా బండెక్కింది. దాని వెంట బనియనుతో మంత్రిగారు, వారి వెంట పీఏ, పీఏ వెంట అధికారులు, వాళ్ల వెనక పోలీసులు. ఇంతమంది నడుస్తున్నారంటే ఏదో ఉద్యమమే అయ్యుంటుందని జనం కూడా కలిశారు. ఎవరో జిందాబాద్ కొట్టారు. బనియనులో మంత్రిగారి నిరాడంబరతను మర్నాడు పత్రికలన్నీ వేనోళ్ల పొగిడాయి.

వేడి చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ మంత్రిగారు కరిగిపోయారు.

"తల్లీ, ప్రగతి అంటే నువ్వే. ఏం కావాలో కోరుకో."

"ఆ గోడ పక్కన నిలబడే చోటు ఇప్పించండి బాబూ. మోకాళ్లు అరిగిపోయాయి."

"శాంక్షన్!" అన్నారు మంత్రిగారు, నడుస్తూనే.

ఆ మాటతో బొంగరానికి కాళ్లు నేల మీద నిలవలేదు. చట్టప్రకారం నిలవకూడదు కూడా. తల్లి ఇటుక బయటికి తీసి, కడిగి, బండి మీద అందుబాటులో పెట్టుకుంది.

నెల తిరిగేసరికి గోడ పక్కన ముసుగు కప్పిన దిమ్మ వెలిసింది. మంత్రిగారు తాడు లాగారు. సిమెంటుతో పోతపోసిన తల్లి! చేతిలో ఇస్త్రీ పెట్టె, ముఖాన చిరునవ్వు. ఖర్చు తగ్గుతుందని ముందున్న బండి మాత్రం నిజమైనదే పెట్టారు, ఎవరి దగ్గరో జప్తు చేసింది.

తల్లి నడుస్తూనే తలెత్తి చూసింది. "నాకన్నా ఒళ్లు చేసింది" అంది.

కూతురు బండి తోస్తూనే గోడ వైపు చూసింది. "అమ్మా, మన చోటు..."

మంత్రిగారి ఉపన్యాసం జోరందుకుంది. ఇంతలో దిమ్మ మీద బండి కిర్రుమని కదిలి వారి వైపే రాసాగింది.

"ఆపండయ్యా! చక్రం కింద ఏదన్నా పెట్టండి!"

ఇన్‌స్పెక్టరు నలువైపులా చూశాడు. తల్లి బండి మీద ఇటుక కనబడింది. ఒక్క ఉరుకున వచ్చి లాక్కుపోయి చక్రం కింద తోశాడు. బండి ఆగింది. చప్పట్లు మోగాయి.

"అమ్మా, మన ఇటుక!" అంటూ కూతురు ఆగిపోయింది.

విజిల్ వినబడింది. "ఏయ్ పాపా, ఆగకూడదు. కదులు, కదులు."

"తొయ్యమ్మా" అంది తల్లి, చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ. "కాలరు చేస్తున్నా. మెల్లిగా."