మూడు వారాల విమానం

"మన విమానాలు ముసలివి కావు, అనుభవం పండినవి" అని విమానయాన మంత్రిగారు ప్రకటించిన రోజున ప్రభుత్వ విమాన సంస్థ చీఫ్ ఇంజనీరు ఆ అనుభవజ్ఞుల్లో పెద్దదాని రెక్క కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటుతో ఒక పగులు చూస్తున్నాడు. పగులు జానెడు పొడవుంది. విమానానికి నలభై ఒక్క ఏళ్ళు. "ఇక దీన్ని పక్కన పెట్టాలి" అని అతను రిజిస్టరులో ఎరుపు సిరాతో రాశాడు.

మంత్రిగారు తొందరపడి నిర్ణయాలు తీసుకునే మనిషి కారు. విమానానికి అసలు వయసంటే ఏమిటో తేల్చమని ఒక కమిటీ వేశారు. అందులో ఒక ఆర్థికవేత్త, ఒక రిటైర్డు జడ్జి, మంత్రిగారి బావమరిది. ఆ ముగ్గురూ నాలుగు దేశాలు తిరిగి, అన్ని దేశాలకీ ఇతర కంపెనీల విమానాల్లోనే వెళ్ళి, అమూల్యమైన నివేదిక ఇచ్చారు. విమానం వయసును తయారైన రోజునుంచి లెక్కించడం పాతకాలపు పద్ధతనీ, ఆఖరిసారి రంగు వేసిన రోజునుంచి లెక్కించడమే శాస్త్రీయమనీ అందులో తేల్చారు. బావమరిదిగారికి రంగుల ఫ్యాక్టరీ ఉండడం కేవలం యాదృచ్ఛికమని నివేదిక చివరిపేజీలో ప్రత్యేకంగా రాశారు కూడా.

వారం తిరక్కుండా ఆ మేరకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, విమానం నీలంగా మెరిసింది. మరో మూడు వారాలకి విమానయాన శాఖ కార్యదర్శిగారు ఇంజనీరును పిలిపించి ఫిట్‌నెస్ కాగితం ముందుకు తోశారు.

"సంతకం పెట్టండి. సోమవారం మొదటి సర్వీసు."

"రెక్కలో పగులుంది సార్."

"ఎప్పటిది?"

"మూడేళ్ళయి ఉంటుంది."

కార్యదర్శిగారు కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "మూడు వారాల విమానానికి మూడేళ్ళ పగులెలా వస్తుందయ్యా? ఇంజనీరింగ్ చదివావు, కాస్త ఆలోచించు."

ఇంజనీరు ఆలోచించాడు. అతని చదువులో దీనికి జవాబు లేదు. రేపటిదాకా టైమడిగి ఇంటికొచ్చాడు.

భార్య బియ్యం ఏరుతోంది. "సోమవారం విమానానికే మా అమ్మ వస్తోందండీ. మీరింకా సంతకం పెట్టలేదట. పెట్టకపోతే ఆవిడెలా వస్తుంది?"

"పెడితే అసలు రాదు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో భర్త అత్తగారి గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడడం అదే మొదలు.

"ఉద్యోగం పోతుందేమో" అన్నాడు అతను.

"పోతే పోయింది. నూట ఇరవై మంది ఎక్కుతారు కదండీ, అందరికీ అమ్మలుంటారు" అని ఆవిడ చాట పక్కన పెట్టి, నిబంధనల పుస్తకం అటకమీంచి తీసిచ్చింది. "ఇందులో ఏదో ఒకటి ఉండకపోదు, చూడండి."

ఉంది. తెల్లారి ఆఫీసు తెరవగానే ఇంజనీరు నోట్ పెట్టాడు. "ఈ విమానం సరికొత్తదన్న ప్రభుత్వ ఉత్తర్వును శిరసావహిస్తున్నాను. కొత్త విమానాన్ని తయారుచేసిన కంపెనీవారు స్వయంగా వచ్చి, నడిపి చూసి, ధ్రువపత్రం ఇచ్చేదాకా ప్రయాణికుల్ని ఎక్కించరాదని పదకొండో నిబంధన. కావున ధ్రువపత్రం తెప్పించగలరు."

కార్యదర్శిగారు నోట్ రెండుసార్లు చదివారు. విమానం పాతదని రాస్తే మంత్రిగారు అబద్ధమాడినట్టవుతుంది. కనుక కంపెనీకి ఉత్తరం వెళ్ళింది. ఆ కంపెనీ మూతపడి పాతికేళ్ళయింది. ఇప్పుడక్కడ బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది. తాము విమానాలు తయారుచెయ్యడం లేదని వాళ్ళు మర్యాదగా జవాబు రాసి, రెండు ప్యాకెట్లు శాంపిల్ పంపారు. కార్యదర్శిగారు ఒకటి తిని, "స్పందన సానుకూలం" అని ఫైలుమీద రాసి, మళ్ళీ ఉత్తరం పంపారు.

ఈలోగా మిగతా ఆరు విమానాలకీ రంగు పడింది. అవీ సరికొత్తవయ్యాయి. పదకొండో నిబంధన వాటికీ పట్టింది. అత్తగారు రెండు రోజులు బస్సులో వచ్చి, నడుం పట్టుకుని దిగి, అల్లుడి శాఖను నాలుగు రోజులు తిట్టింది. అతను ఆవిడ నడుముకి రాయడానికి నూనె వెచ్చజేసి ఇచ్చాడు.

ఏడాది తిరిగాక మంత్రిగారి దగ్గరనుంచి పిలుపొచ్చింది. ఇంజనీరు రాజీనామా రాసి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. గదినిండా పెద్దవాళ్ళు, ఫోటోగ్రాఫర్లు. మంత్రిగారు లేచొచ్చి అతని భుజంమీద చెయ్యేశారు.

"ఈ ఏడాది మన సంస్థలో ఒక్క ప్రమాదం లేదు. ఒక్క విమానమూ ఆలస్యం కాలేదు. ఒక్క ప్రయాణికుడి పెట్టె పోలేదు. చరిత్రలో ఇదే మొదటిసారి. భద్రతా బహుమతి మనకే వచ్చింది. ఎలా సాధించారో మీ నోటితో చెప్పండి."

ఇంజనీరు అబద్ధమాడలేకపోయాడు. "ఒక్కదాన్నీ ఎగరనివ్వలేదండీ."

మంత్రిగారు కార్యదర్శివైపు తిరిగి, "ఇంత సులువని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?" అన్నారు.

పక్క కుర్చీలో ఆరోగ్యమంత్రిగారు ఉన్నారు. ఆయన ముందుకి వంగి, ఆశగా అడిగారు.

"ఈయన్ని ఓ ఏడాది మా ఆస్పత్రులకి ఇప్పిస్తారా? మా దగ్గర రోగులు మరీ ఎక్కువమంది పోతున్నారు."

ఇంజనీరు నోరు తెరిచేలోగా పక్క గదిలో బదిలీ ఉత్తర్వు టైపవుతున్న చప్పుడు మొదలైంది.