మామగారి వంతు

అక్టోబరు ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున తదేవుష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా సమీక్ష ముగించాలి. దాన్ని ఫ్లాపీలోకి ఎక్కించుకుని, ట్రామ్ పట్టుకుని, పన్నెండులోపు పత్రిక ఆఫీసులో ఇచ్చేయాలి. నాలుగింటికి ఇంటికొచ్చి తెల్లచొక్కా తొడుక్కుని, తన పేరుపండుగకు వచ్చేవాళ్ళకు తలుపు తీయాలి. క్యాలెండరులో ఆ రోజు తదేవుష్ అనే పుణ్యపురుషుడిది. ఆ పేరున్న ప్రతివాడి ఇంటికీ ఆ రోజు జనం వస్తారు. క్రకోవ్‌లో ఎవరినీ పిలవక్కర్లేదు, తేదీ చూసుకుని వాళ్ళే వస్తారు. రావద్దనడం మాత్రం ఎవరి తరమూ కాదు.

సమీక్ష కంప్యూటర్ ఆటల మాసపత్రిక కోసం. ఆట పేరు 'ఏడు బురుజులు'. మంత్రగాళ్ళు, మరుగుజ్జులు, డ్రాగన్లు, కోటలు. తన వంతు వచ్చినవాడు సైన్యాన్ని నడిపి 'రోజు ముగిసింది' అన్న మీట నొక్కాలి, అప్పుడు అవతలివాడి వంతు. తదేవుష్ పది రోజులు కూర్చుని ఆడి, గుణాలు ఒక పట్టికగా, లోపాలు ఒక పట్టికగా రాశాడు. లోపాల్లో మొదటిది ఇది: 'ఆలోచించడానికి కాలపరిమితి లేదు. ఒక్కడు కదలకపోతే మిగతా అందరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే.' ఆ వాక్యం మీద అతనికి భలే గర్వంగా ఉండేది.

ఇక్కడ అతని గోడు కొంత చెప్పాలి. మూడేళ్ళుగా ఆ పత్రికకు రాస్తున్నాడు, ఉద్యోగం మాత్రం లేదు. రాసిన వ్యాసానికి ఇంతని ఇస్తారు, అంతే. సంపాదకుడు రోమాన్ "వచ్చే నెల పక్కా చేద్దాంలే" అంటాడు. ఆ వచ్చే నెల మూడేళ్ళుగా వస్తూనే ఉంది. భార్య దనూతాకు జనవరిలో నెలలు నిండుతాయి. పైగా తదేవుష్ ఇప్పటికే రెండుసార్లు వ్యాసం ఆలస్యంగా ఇచ్చాడు. నిన్న రోమాన్ ఫోన్‌లో అన్నాడు: "చూడు బాబూ, ఆట పేరుతో ముఖచిత్రం అచ్చయిపోయింది. లోపలి పేజీలు రేపు ఆరింటికి ప్రెస్సుకు పోతాయి. ఈసారి ఆలస్యమైతే ఇదే నీ ఆఖరి వ్యాసం."

వ్యాసం దాదాపు అయిపోయింది. మిగిలింది ఒక్క పేరా, 'ఒకే కుర్చీ' పద్ధతి గురించి. అంటే నలుగురు ఒకే కంప్యూటర్ మీద ఆడటం. ఒకడు కుర్చీలో కూర్చుని తన వంతు ఆడుతుంటే, మిగతావాళ్ళు చూడకుండా వంటింట్లోకి పోవాలి. మన తదేవుష్ వ్యాసాన్ని తెర మీద అలాగే తెరిచి ఉంచి, దాని పైన ఆట మొదలుపెట్టాడు. వ్యాసం సేవ్ చేశాడా? చేయలేదు. ఇలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయితే నేనూ చేయను, అది వేరే సంగతి.

సరిగ్గా అప్పుడే మామగారు ఎమిల్ దిగాడు, ఊరబెట్టిన పుట్టగొడుగుల సీసా చంకలో పెట్టుకుని. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషి. కూతురు పెళ్ళయి నాలుగేళ్ళయినా, అల్లుడు చేసేది పనేనని ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

"ఏం అల్లుడుగారూ, పండగపూట కూడా దయ్యాలతోనేనా కాపురం?"

"మామయ్యగారూ, సమయానికి వచ్చారు. పది నిమిషాలు నాతో ఆడండి. రెండో మనిషి లేకపోతే ఇది పరీక్షించలేను."

"నేనా? బొమ్మలాటా?" అన్నాడు ఎమిల్. కోటు విప్పకుండానే కూర్చున్నాడు.

పది నిమిషాలకు కోటు విప్పాడు. అరగంటకు చొక్కా చేతులు మడిచాడు. "ఒరే, ఇదేదో బాగుందిరా! అవతలివాడు కొట్టి, ఆగి, ఇక మీరు కొట్టండి అంటున్నాడు. మర్యాదస్తుల యుద్ధం. మధ్యలో టీ తాగొచ్చినా ఎవడూ చావడు" అన్నాడు. ఆ మాటల్లో కొంత అబద్ధం ఉంది. ఆయన టీ తాగి వచ్చిన రెండో వంతుకే తదేవుష్ కోటలో అందరూ చచ్చారు.

"సరే, మీరే గెలిచారు. ఇక ఆపేద్దాం" అన్నాడు తదేవుష్ సంతోషంగా.

ఆపడం కుదరలేదు. ఎందుకంటే ఈలోగా పక్కింటి హలీనా గారు జున్ను కేకు పళ్ళెంతో వచ్చి, 'నాకూ ఒక కోట ఇవ్వండి' అని చేరింది. ఇంటింటికీ తిరిగి గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లలో ఇరుక్కున్న గాలి తీసే జిగ్మూంత్ ఆ గదిలోని రేడియేటర్ కోసం వచ్చి, దాన్ని తిప్పే తాళంచెవి జేబులో వేసుకుని, నాలుగో కోట తీసుకున్నాడు. ఒకే కుర్చీ ఆటలో ఒక నియమం ఉందని తదేవుష్‌కు అప్పుడు తెలిసింది. బయటికి రావాలంటే రోజు ముగియాలి, బతికున్న ఆటగాళ్ళందరూ ఒప్పుకుంటున్నామని మీట నొక్కాలి. హలీనా గారు నొక్కింది. జిగ్మూంత్ నొక్కాడు. ఎమిల్ నొక్కలేదు.

"గెలుస్తున్నవాణ్ణి మధ్యలో లేస్తానా?"

"మామయ్యగారూ, నా వ్యాసం దీని కింద ఇరుక్కుపోయింది! ప్లగ్గు పీకితే మొత్తం పోతుంది!"

"నువ్వు చచ్చావు. చచ్చినవాడికి ఓటు లేదు. వెళ్ళి టీ పెట్టు."

తదేవుష్ వంటింట్లోకి వెళ్ళి, చేత్తోనే మళ్ళీ రాద్దామని కలం పట్టుకున్నాడు. పది రోజుల పని రెండు వాక్యాలుగా గుర్తొచ్చింది. వాటిలో ఒకటి, 'ఆలోచించడానికి కాలపరిమితి లేదు' అన్నది, పైకే గొణుక్కుంటూ వంటింట్లో అటూ ఇటూ తిరగసాగాడు. వంతు కోసం అక్కడ కూర్చున్న హలీనా గారు ఓదార్చింది. "నాది కూడా రాయి బాబూ. ఆ మంత్రగాడు గెలిచిన ప్రతిసారీ అదే నవ్వు నవ్వుతున్నాడు, అచ్చం మా చిన్న తోడికోడలే. అయితే డ్రాగన్లు మాత్రం ముచ్చటగా ఉన్నాయి, చెప్పిన మాట వింటాయి. మా ఇంట్లో ఎవరూ వినరు."

ఒంటిగంటకు ఫోన్ మోగింది. తదేవుష్ స్నానాలగదిలో తల మీద చన్నీళ్ళు పోసుకుంటున్నాడు. హలీనా గారు ఎత్తింది. అవతల రోమాన్.

"తదేవుష్ ఎక్కడమ్మా? పన్నెండుకు వస్తానన్నాడు!"

"మాట్లాడే స్థితిలో లేడు బాబూ. పొద్దున్నే వాళ్ళ వాళ్ళంతా పోయారు."

"పోయారా! ఎవరు?"

"అందరూ. ఒక్కరంటే ఒక్కరు మిగల్లేదు. అంతా మామగారి చేతుల మీదుగానే జరిగిపోయింది. పాపం, ఇందాకట్నించీ వంటింట్లో తనలో తను మాట్లాడుకుంటున్నాడు. ఆఁ వస్తున్నా వస్తున్నా, నా వంతు వచ్చింది, ఉంటాను" అని పెట్టేసింది.

రోమాన్ చెడ్డవాడు కాదు, పిసినారి. ఆ రెండింటికీ తేడా ఉంది. ఫోన్ పెట్టేసి, నల్ల టై కట్టుకుని, దారిలో పూలు కొనుక్కుని, మూడింటికి నాలుగో అంతస్తు ఎక్కి తలుపు తట్టాడు. తీసింది దనూతా. చేతిలో కేకు కోసే కత్తి, మొహం నిండా నవ్వు.

"ధైర్యంగా ఉండమ్మా" అన్నాడు రోమాన్, పూలు ముందుకు చాచి.

"ధైర్యానికేముంది సార్, ఒక కేకే కదా మాడింది" అని ఆమె పూలగుత్తి అందుకుంది. అందుకుని లెక్కపెట్టింది. "ఎనిమిది? చేమంతులు?"

లోపలి గదిలోంచి ఎమిల్ మెడ చాచి చూశాడు. "సరిసంఖ్యలో చేమంతులా! నా అల్లుడి పేరుపండక్కి సమాధి మీద పెట్టే పూలు తెచ్చినవాడెవడ్రా?"

సంగతి తేటపడటానికి పావుగంట పట్టింది. సానుభూతి పోయింది, సిగ్గు వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. "అంటే ఎవరూ చావలేదు, వ్యాసం కూడా లేదు! అంతేనా?" అని రోమాన్ కేకలేశాడు.

"ఉంది సార్, ఆ ఆట కింద ఉంది. మామయ్యగారు ఒప్పుకోవాలి, లేదా ఓడిపోవాలి" అన్నాడు తదేవుష్ నీరసంగా.

"ఒప్పుకోను" అన్నాడు ఎమిల్.

ఇంకా మూడు మెట్లదారుల ఇళ్ళల్లో రేడియేటర్లు మిగిలిపోయిన జిగ్మూంత్ అప్పుడు లేచాడు. "ఇదుగో పెద్దమనిషీ, నా కోట మీరు పట్టండి. నాలుగు డ్రాగన్లున్నాయి, జాగ్రత్త" అని బిడ్డను అప్పగించినట్టు అప్పగించి వెళ్ళిపోయాడు. రోమాన్ చేతి గడియారం చూసుకున్నాడు. ఈ ముసలాణ్ణి ఓడించడమే దగ్గరిదారి అనుకున్నాడు. పదేళ్ళు ఆటల గురించి రాసిన మనిషి మరి. గంటంబావులో నాలుగు డ్రాగన్లను తొమ్మిది చేశాడు, వాటిని తీసుకెళ్ళి ఎమిల్ కోట గుమ్మంలో నిలబెట్టాడు. నల్ల టై వదులు చేసుకుని, "వచ్చే వంతులో మామగారి ఓటు కూడా పోతుంది" అంటూ వంటింట్లోకి వచ్చి, క్యాబేజీ కూర రెండోసారి వడ్డించుకున్నాడు. అప్పుడు నాలుగూ నలభై.

ఎమిల్ కుర్చీలో కూర్చున్నాడు. తెర చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూశాడు. తర్వాత చేతులు కట్టుకున్నాడు.

అయిదు నిమిషాలయింది. పది అయింది. రోమాన్ గుమ్మంలోకి వచ్చాడు. "మీట నొక్కండి సార్."

"ఆలోచిస్తున్నాను."

"ఎంతసేపు?"

"దానికి హద్దు లేదటగా! మా అల్లుడు పొద్దుట్నించీ అదే మొత్తుకుంటున్నాడు."

"అవతల ఆరింటికి ప్రెస్సు!"

"ఎనభై ఎనిమిదిలో కర్మాగారంలో సమ్మె చేసి తొమ్మిది రోజులు కదలకుండా కూర్చున్నాను. అప్పుడు కింద కాంక్రీటు. ఇప్పుడు దిండు ఉంది."

తదేవుష్‌కు ఆయన పంతానికి తన బతుకు బుగ్గి అవుతోందనిపించి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దనూతాకు మాత్రం నాన్న కూర్చున్న తీరు చూడగానే అంతా అర్థమైంది. పద్నాలుగేళ్ళ వయసులో ఆమె ఆ కర్మాగారం గేటు కమ్మీల్లోంచి ఆయనకు రొట్టె అందించింది. వంటింట్లోకి పోయి, రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టి, కాగితంలో చుట్టి, తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"సరే, మీకేం కావాలి?" అన్నాడు రోమాన్.

"నాకేమీ అక్కర్లేదు. వీడికి పక్కా ఉద్యోగం కావాలి. జనవరిలో నా మనవడో మనవరాలో వస్తోంది. మీ వచ్చే నెల ఎప్పుడొస్తుందో నాకు తెలియాలి."

"మామయ్యగారూ, వద్దండీ..." అన్నాడు తదేవుష్.

"నువ్వు చచ్చావు. నీకు ఓటు లేదు."

రోమాన్ బతిమాలాడు. బెదిరించాడు. హలీనా గారిని రాయబారం పంపాడు. ఆవిడ వెళ్ళి, ఎమిల్ పక్కన మోడా వేసుకుని, తనూ చేతులు కట్టుకుని కూర్చుంది. అయిదుంబావుకు రోమాన్ కోటు తొడుక్కుని గుమ్మందాకా వెళ్ళాడు. ముఖచిత్రం మీద ఆట పేరు, లోపల రెండు తెల్ల పేజీలు కళ్ళ ముందు కదిలాయి కాబోలు, ఆగాడు. నిజం చెప్పాలంటే ఆపింది ఆ పేజీలు కావని, తొమ్మిది డ్రాగన్లని దనూతా ఇప్పటికీ అంటుంది.

అయిదున్నరకు రోమాన్ గోడ మీది క్యాలెండరులోంచి ఆనాటి కాగితం చింపి, తదేవుష్ అన్న పేరు కిందే రాశాడు: 'ఇతనికి నవంబరు నుంచి పక్కా ఉద్యోగం.' సంతకం పెట్టి, తేదీ వేయబోయి, తేదీ అక్కడే ఉందని ఆగాడు. ఎమిల్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి కూతురికిచ్చి, మీట నొక్కాడు.

తన వంతు రాగానే రోమాన్ కుర్చీలోకి దూకి, తొమ్మిది డ్రాగన్లతో కోటలోకి దూసుకెళ్ళాడు. లోపల ఎవరూ లేరు. ఒక్క మరుగుజ్జు కూడా లేడు. నాలుగింటికే ఆఖరి సైన్యం అయిపోయిందట.

"ఖాళీ కోటా! ఖాళీ కోట పెట్టుకునా నన్ను గంటసేపు నిలబెట్టారు?"

"సమ్మెలో కూడా అంతే కదా బాబూ. కూర్చోవడం తప్ప మా దగ్గర మాత్రం ఏముండేది?" అన్నాడు ఎమిల్. లేచి నడుము సవరించుకుని, అల్లుడి భుజం తట్టాడు. "కూర్చోరా. నువ్వు చేసేది కష్టమైన పనే."

తదేవుష్ కుర్చీలో కూర్చున్నాడు. హలీనా గారూ రోమానూ ఒప్పుకుంటున్నామని మీట నొక్కగానే ఆట తప్పుకుంది. కింద వ్యాసం చెక్కుచెదరకుండా ఉంది. రోమాన్ ఫ్లాపీ పట్టుకుని తల మీద నిలబడి, "రెండు నిమిషాలు, రెండే రెండు" అంటున్నాడు.

ఆ రెండు నిమిషాల్లో తదేవుష్ మిగిలిన పేరా రాయలేదు. కాలపరిమితి లేదన్న వాక్యాన్ని లోపాల పట్టికలోంచి తీసి, గుణాల పట్టికలో అన్నిటికంటే పైన పెట్టాడు.