రొట్టె చప్పుడు

పత్రిక నుంచి మూడోసారి కూడా కథ తిరిగొచ్చిన రోజు రఘుపతి అన్నం సగంలోనే లేచాడు. చౌటుప్పల్‌లో మందుల కంపెనీ గోడౌన్‌ చూసుకుంటాడు గానీ, ఎవరైనా అడిగితే "రచయితను" అని చెబుదామని ఆయన కోరిక. ఎవరూ అడగరు.

సంపాదకుడు ఈసారి రెండు ముక్కలు రాశాడు: "మీ కథలో ఆలుమగలు ఫ్యాక్టరీ గోడ మీది హెచ్చరికల్లా మాట్లాడుతున్నారు. నెలాఖరులోగా సంభాషణలు మార్చండి. ఇదే ఆఖరి అవకాశం."

పదిహేనేళ్ల ఆశ అది. రఘుపతి పంతం పట్టాడు. ఇంట్లో భార్య మంజులత ఉండగా మాటలకు కరువేమిటి? ఆమెకు కోపం తెప్పించాలి, అన్న మాటనల్లా ఫోన్లో పట్టాలి.

మర్నాడు సాయంత్రం ఆమె జొన్నరొట్టెలకు కూర్చోగానే, పీట పక్కనున్న పిండి డబ్బా వెనుక ఫోన్ దాచి రంగంలోకి దిగాడు.

"రొట్టె జర మందమైనట్టున్నది?"

"ఏం, పండ్లు ఊడినయా?"

రఘుపతి లోలోపల మురిసిపోయాడు.

"మా అక్క చేస్తే కాగితం లెక్క ఉంటది."

"కాగితాలే కావాల్నా? నీ కథలు తిరిగొచ్చినయి గదా, గవి తిను."

చురుక్కుమంది గానీ, మంచి మాట దొరికిందని ఓర్చుకున్నాడు. ఆ ఊపులో ఇంకో అడుగు వేశాడు.

"మీ అమ్మ కోస్గి నుంచి వచ్చి వారమాయె. ఎప్పుడు పోతదట?"

ముందుగదిలోంచి అత్తగారు నర్సింగమ్మ సంచితో లేచింది. అల్లుడితో ఆమె ఎన్నడూ ఎదురుగా మాట్లాడదు.

"బిడ్డా, బస్సున్నదేమో అడుగు మీ ఆయన్ని."

రఘుపతి బస్టాండు దాకా ఆమె వెంట బతిమాలుతూ నడిచాడు. తిరిగి తీసుకొచ్చేసరికి తాతలు దిగొచ్చారు.

పోనీ, మాటలైనా దక్కాయి కదా అని ఫోన్ తీసి విన్నాడు. తన గొంతు గంటలా ఉంది. మంజులత మాటలన్నీ రొట్టె చరిచే చప్పుడులో మునిగిపోయాయి. గుర్తు చేసుకుని రాయబోతే "దంతములు ఊడినవా?" అని పడింది. తల పట్టుకున్నాడు.

"మల్ల పెట్టు," అంది వెనక నిలబడిన మంజులత.

దొంగ దొరికిపోయాడు. ఆమె తిట్టలేదు, శ్రద్ధగా విన్నది.

"మందమన్నప్పుడు మెల్లగ చరిచిన. మీ అక్క పేరెత్తినప్పుడు చూడు, పీట పలుగుతదేమో అన్నట్టున్నది. మా అమ్మను అన్నప్పుడు సప్పుడే లేదు. గది రాయి. నా మాటలు నీతోటి కావు."

"రాస్త."

"అచ్చయ్యేదాక రొట్టెలు నువ్వే చెయ్యాలె."

ఆమె చెప్పినట్టే రాశాడు. కథలో మొగుడు మాట్లాడతాడు, పెళ్లాం రొట్టెలు చరుస్తుంది, అంతే. పది రోజులకు జవాబొచ్చింది. మంజులత పైకి చదివింది:

"కథ వేసుకుంటున్నాం. నోరు విప్పకుండానే ఆమె ఎంత చెప్పింది! అన్నట్టు, అంత తెలివితక్కువ మొగుణ్ణి ఎలా ఊహించారండీ?"

"చెప్పు, ఎట్ల ఊహించినవ్?"

పీట ముందు కూర్చున్న రఘుపతి తలెత్తలేదు. పిండి ముద్ద మీద చెయ్యి మెత్తగా, ఆగి ఆగి పడుతోంది.

"ఇన్నవా అమ్మా?" అంది మంజులత. "మీ అల్లునికి సిగ్గయితాంది."