తల లేని గిటారు

ఆ ఆదివారం పొద్దున్న తోమా మాస్టారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కోత పండుగ ఆరాధనకి అందరితో పాటు చర్చికి వెళ్లాలి. వెనక బెంచీలో కూర్చోవాలి. పాస్టరుగారు ప్రసంగం అందుకోగానే దగ్గు మొదలుపెట్టాలి. దగ్గు ముదిరినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, పక్కనే ఉన్న ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టుకుని ఒక గ్రామఫోను రికార్డు వినాలి. పాస్టరు యోనా అయ్యగారు మైకు లేకుండానే కొండ అవతలికి వినపడేలా ప్రసంగిస్తారు కాబట్టి, ఇంట్లో ఎంత గిటారు మోగినా ఎవరి చెవినా పడదు.

తోమా మాస్టారు అరకు దగ్గర మిషను స్కూల్లో లెక్కలు చెబుతాడు. మనిషి మంచివాడే. చుట్ట కాల్చడు, పేకాడడు, తప్పనిసరైతే తప్ప పిల్లల్ని కొట్టడు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు డెన్ బార్లో. ఈ ఇంగ్లీషు రాక్ పాటగాడి గొంతు విశాఖపట్నంలో ట్రైనింగు చదివే రోజుల్లో ఎవరి గదిలోనో విన్నాడు, అంతే, మళ్లీ మామూలు మనిషి కాలేదు. అప్పటికే బార్లో పాత రికార్డులు బజార్లో దొరకడం మానేశాయి. కొన్నేళ్లకి కంపెనీవాళ్లు ఆ ఆల్బములు ఏడింటినీ కొత్త అట్టలతో మళ్లీ విడుదల చేశారు. మనుషుల బలహీనత బాగా తెలిసినవాళ్లు కనక, ఒక్కో అట్ట వెనక ఒక్కో బొమ్మ ముక్క వేశారు. ఏడు అట్టలూ వరసగా పేరిస్తే నిలువెత్తు గిటారు అవుతుంది. మాస్టారి దగ్గర ఆరు ఉన్నాయి. గిటారుకి తల మాత్రం లేదు.

ఆరోది కొన్నది వంటింటి రేకుల కోసం దాచిన డబ్బుతో. ఆ వానాకాలం పప్పులో నీళ్లు విడిగా పోసుకోవాల్సిన అవసరం లేకపోయింది. భార్య ఆనందమ్మ అరవలేదు, ఏడవలేదు. కారేచోట గిన్నె పెట్టి, మొగుణ్ని యోనా అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లి, ఇక ఒక్క రికార్డు కూడా కొననని మాట ఇప్పించింది. ఆ రోజు నుంచి ఆయనతో నవ్వుతూ మాట్లాడటం మానేసింది. ప్రతి శనివారం ఆ ఆరింటికీ గుడ్డతో దుమ్ము దులిపి పెట్టడం మాత్రం మానలేదు. ఆమె నవ్వు లేని ఇంట్లో మాస్టారికి నిజంగానే దిగులుగా ఉండేది. బార్లో కూడా ఆ దిగులు తీర్చలేకపోయాడు.

అలాంటి సమయంలో ఏడోది వచ్చిందనీ, ఒక్కటే ఉందనీ విశాఖపట్నం షాపతను కబురు పంపాడు. మాస్టారు నాలుగు రోజులు మనసుతో పోరాడాడు. అయిదో రోజు మనసే గెలిచింది. శనివారం కిరండూల్ పాసింజరులో గార్డు గణపతిరావు ఆ పార్సిలు తెచ్చి చేతిలో పెట్టాడు. గోధుమరంగు కాగితం చుట్టి పురికొసతో కట్టిన ఆ పార్సిల్ని మాస్టారు కోటు కింద దాచి ఇంటికి తెచ్చాడు. అటక మీద ఒకదాని మీద ఒకటి బోర్లించిన కొత్త చేటలు రెండున్నాయి. వాటి మధ్య పెట్టేశాడు. ఇంతకంటే మంచి చోటు లేదనుకున్నాడు.

ఆదివారం దగ్గు అనుకున్నట్టే వచ్చింది. అయ్యగారు ప్రసంగంలో మొదటి పిడికిలి బిగించేసరికి మాస్టారు బయటపడ్డాడు. పరుగులాంటి నడకతో ఇంటికి పోయి, బ్యాటరీ ప్లేయరు మూత తెరిచి, స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టాడు. చేటలు లేవు. ఇంకాస్త లోపలికి పెట్టి వెతికాడు. సాలెగూడు తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. ఏటా కోత పండుగ కానుకలు కొత్త చేటలోనే పట్టుకెళతారు. ఆనందమ్మ చర్చి అలంకరణకని ఆడవాళ్లతో తెల్లవారుతూనే వెళ్లిపోయింది. మాస్టారు స్టూలు దిగి, మూత తెరిచిన ప్లేయరుని అలాగే వదిలేసి చర్చికి పరిగెత్తాడు.

చర్చిలో బల్ల మీదా బల్ల చుట్టూ పంటంతా పోగై ఉంది. దగ్గు ఎప్పుడు మొదలుపెట్టాలా అన్న ధ్యాసలో ఇందాక ఆయన అటు చూడనే లేదు. రాజ్మా మూటలు, పసుపు కొమ్ములు, అల్లం, నూనెకి ఆడే వలిసెలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి నడుమ మాస్టారింటి చేట, చేటలో గోధుమరంగు పార్సిలు, పార్సిలు మీద ఇద్దరు కలిసి ఎత్తాల్సిన గుమ్మడికాయ. ఆ గుమ్మడికాయ మాస్టారి గుండెల మీదే కూర్చున్నట్టయింది. ఒకసారి వంగిన రికార్డు ఇక పాడదు, మూలుగుతుంది.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఆయన్ని చూసి ఆనందమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి వచ్చింది. వచ్చి నవ్వింది. వానాకాలం తర్వాత అదే మొదటి నవ్వు.

"సేటల మధ్య దాచింది సూశానండి," అంది రహస్యంగా. "పండగ ముందు రోజు తెచ్చి, నాక్కూడా సెప్పకుండా దాచారంటే ఎవరి కోసమో నాకు తెలీదేటి? నా చేత్తో నేనే బల్ల మీద పెట్టాను."

పైట చెంగుతో కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. అది దేవుడి కోసం కాదు, డెన్ బార్లో కోసం అని ఆ నవ్వు మొహం మీద ఎలా చెప్పడం? ఆరో రికార్డుతో పోయిన నవ్వు ఏడో రికార్డుతో తిరిగొచ్చింది. నిజం చెబితే రెండూ పోతాయి.

చెప్పినా పార్సిలు రాదు. ఆ సంఘంలో కట్టుబాటు అది. బల్ల ఎక్కిన కానుక దేవుడిది. మళ్లీ బయటికి రావాలంటే వేలంలో ఎవరైనా పాడుకోవాలి. కొండల్లో రొక్కం ఆడేది తక్కువ కాబట్టి, వేలం పాట కూడా కోళ్లతో, బస్తాలతోనే సాగుతుంది. పొలం ఉన్నవాళ్లు పంట పాడతారు. తోమా మాస్టారికి పొలం లేదు. ఉన్నదల్లా ఇల్లు, ఇంట్లో సామాన్లు.

ఆరాధన అయింది. సంఘపెద్ద తాతారావు వేలం మొదలుపెట్టాడు. గుమ్మడికాయ పోయింది. గెలలు పోయాయి. తర్వాత పార్సిలు పైకి లేచింది.

"మాస్టారి ఇంటి కానుక! పట్నం నుంచొచ్చింది. లోపలేటున్నదో దేవుడికే ఎరుక. ఎవులు మొదలెడతారు?" అని పార్సిల్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"మా పెట్టకోడి," అన్నాడు కళ్లు తెరవకుండానే.

చర్చంతా వెనక్కి తిరిగింది. "మీరిచ్చిందే మీరు పాడతారేటి మాస్టారూ?" అన్నాడు తాతారావు.

"పాడకూడదా?"

యోనా అయ్యగారు లేచారు. "పాడవచ్చు! ఇచ్చింది చాలక మళ్లీ ఇస్తున్నాడు. వినండి, నేర్చుకోండి!" అన్నారు. సంఘం స్తోత్రం చెప్పింది. నేర్చుకోవడం కూడా వెంటనే మొదలుపెట్టింది.

"అద్దమయ్యుంటాది," అన్నాడు సుక్రు. కొండ మీద ఊళ్లో అల్లం పండించే రైతు అతను. "మా ఇంటిది ఎన్నాళ్లనుంచో అడుగుతుంది. రెండు పుంజులు!"

"అద్దం కాదు, పటం," అంది మిషను ఆసుపత్రి నర్సు తెరిసమ్మ. "వార్డు గోడకి బాగుంటుంది. ఒక మేక!"

"పెట్ట, దాంతో పాటు మా గోడ గడియారం," అన్నాడు మాస్టారు.

సుక్రు పక్కవాడితో గుసగుసలాడాడు. గడియారం ఇచ్చి కొనుక్కునే అద్దం మామూలు అద్దం కాదని ఇద్దరూ తేల్చుకున్నారు. "అల్లం ఒక బస్తా!"

మాస్టారు ఆడవాళ్ల వైపు చూశాడు. ఆనందమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, ఏడుస్తోందనుకున్నాడు. ఆమెని మోసం చేస్తున్నందుకు ఆయనకి సిగ్గేసింది. అయినా నోరు ఆగలేదు.

"పెట్ట, గడియారం, నా సైకిలు."

తెరిసమ్మ కూర్చుంది. సుక్రు చాలాసేపు తల గోక్కుని, తనూ కూర్చున్నాడు. తాతారావు మూడుసార్లు అరిచి బల్ల మీద కొట్టాడు. మాస్టారు ముందుకొచ్చి రెండు చేతులా పార్సిల్ని అందుకున్నాడు.

"సైకిలు సమర్పించిన చేతులు!" అన్నారు అయ్యగారు. "మన సంఘంలో పాతకాలం పెద్దలు కానుక పాడుకుని, దాన్ని మళ్లీ బల్ల మీదే పెట్టేవారు. ఆ మంచి ఆచారం ఈమధ్య పోయింది. మాస్టారూ, మీ మనసులో ఏముందో..."

మాస్టారి మనసులో ఏముందో బయటికి రాకముందే ఆడవాళ్ల వరసలోంచి ఆనందమ్మ లేచి నిలబడింది.

"ఇచ్చేశాం అయ్యగారూ!"

చర్చి దద్దరిల్లింది. తాతారావు ఆ పార్సిల్ని మాస్టారి వేళ్లలోంచి ఒక్కో వేలూ విడదీసి తీసుకోవాల్సి వచ్చింది.

రెండో పాట మొదలైంది. ఈసారి సుక్రు లేచే నిలబడ్డాడు. సైకిలిచ్చి కొన్నదాన్ని మళ్లీ ఇచ్చేస్తున్నారంటే లోపల వెండి ఉండాలని అతని లెక్క. "అల్లం రెండు బస్తాలు! దాంతో పాటు దూడ!"

మాస్టారికి నుదుట చెమట పట్టింది. అరకు చలికాలంలో ఆ చర్చిలో చెమట పట్టింది ఆయనొక్కడికే. ఇంట్లో ఏముంది? మంచం, రెండు కుర్చీలు, వంట గిన్నెలు. గిన్నెలు పాడితే ఆనందమ్మ ఏం వండుతుంది? తాతారావు ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. చెయ్యి పైకెత్తాడు.

"నా రికార్డు ప్లేయరు!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని మాస్టారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ పెట్టె మీద మాస్టారు ఎవర్నీ చెయ్యి వేయనివ్వడని అందరికీ తెలుసు. ఒకసారి అయ్యగారు ముట్టుకోబోతే చెయ్యి కడుక్కున్నారా అని అడిగాడు.

సుక్రు నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. మొహంలో ఏదో వెలుగు వచ్చింది. "ఆ పాటల పెట్టె ఇచ్చేత్తారా మాస్టారూ? అలాగైతే నానింక పాడను," అని బుద్ధిగా కూర్చున్నాడు.

పార్సిలు మళ్లీ మాస్టారి చేతిలోకి వచ్చింది. "ఈసారి ఇవ్వను!" అని ఎవరూ అడక్కుండానే అరిచి, గుండెకి హత్తుకున్నాడు.

"ఇవ్వొద్దు, ఇవ్వొద్దు," అన్నారు అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కసారి విప్పండి చాలు. ఇంత త్యాగం దేనికోసమో సంఘమంతా కళ్లారా చూస్తుంది."

అయిపోయింది అనుకున్నాడు మాస్టారు. ఈ అయ్యగారికే కదా మాట ఇచ్చింది. పురికొస మీద వేలు పెట్టాడు. ముడి ఊడకపోతే బాగుండునని ప్రార్థించాడు. అంత భక్తిగా ఆయన అంతకు ముందెప్పుడూ ప్రార్థించలేదు. ముడి సులువుగా వదులైంది.

"విప్పొద్దండీ," అంది ఆనందమ్మ. నెమ్మదిగానే అన్నా అందరికీ వినపడింది. "ఆయన మూసి దాచారు. మూసే ఉండనీండి అయ్యగారూ."

ఆ వినయానికి అయ్యగారు కరిగిపోయి ముగింపు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ తర్వాత సంఘం సొత్తయిపోయిన పెట్టనీ, గడియారాన్నీ, సైకిల్నీ, ప్లేయరునీ ఇంట్లోంచి తెప్పించి వేలం వేశారు. ప్లేయరు మూత ఇంకా తెరిచే ఉంది. రెండు బస్తాల అల్లానికీ, ఒక దూడకీ దాన్ని సుక్రు పాడుకుని, నెత్తిన పెట్టుకుని కొండెక్కి వెళ్లిపోయాడు.

చర్చి నుంచి ఇంటికి దూరం లేదు గానీ, మాస్టారికి చాలా దూరంలా అనిపించింది. భార్య పక్కనే నడుస్తోంది. గుమ్మం దగ్గర ఆగి, పార్సిలు వైపు చూడకుండానే అడిగింది.

"ఏడోదేనా?"

మాస్టారు నిలబడిపోయాడు. "నీకు... నీకెప్పుడు తెలిసింది?"

"సేటలు దించగానే. ఆరింటికి వారం వారం దుమ్ము దులిపేది ఎవులనుకున్నారు? చేత్తో పట్టుకుంటే తెలీదేటి?"

"మరి భుజాలు కదిలేలా ఎందుకేడ్చావు?"

"నవ్వాపుకోలేక."

"ఇచ్చేశాం అని లేచావు కదే!"

"అయ్యగారికిచ్చిన మాట ఎక్కడో ఒకచోట గుర్తొస్తాదేమో, ఎక్కడ ఆగుతారో సూద్దామనుకున్నాను," అంది ఆనందమ్మ. "కోడి దగ్గర ఆగలేదు. సైకిలు దగ్గర ఆగలేదు. ఆ పెట్టె కూడా ఇచ్చేసినాక ఇంకేటి సూడను? అందరి ముందూ మీ పరువు తీస్తే నాకేటొస్తాది?"

మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పయిపోయిందన్నాడు. ఈసారి ఆ మాట నిజంగా అన్నాడు. లోపలికి వెళ్లాక ఇద్దరూ కలిసి ఏడు అట్టలూ నేల మీద వరసగా పేర్చారు. గుమ్మడికాయ కింద పడున్నా రికార్డు వంగలేదు. గిటారుకి తల వచ్చింది. మాస్టారు చాలాసేపు చూశాడు. ఆనందమ్మ కూడా చూసింది.

"బాగున్నాది," అంది. "గడియారం మేకు ఖాళీగానే ఉంది, ఆ తల అక్కడ తగిలించండి. టైమెంతయిందో అదే చెబుతాది."

తర్వాతి ఆదివారం తోమా మాస్టారు ఆరో రికార్డునీ ఏడో రికార్డునీ చంకలో పెట్టుకుని, సైకిలు లేదు కాబట్టి కాలినడకనే, కొండ మీద సుక్రు ఊరికి వెళ్లాడు. సుక్రు మర్యాదగా చాప వేసి, చేతులు కడుక్కున్నారా అని అడిగి, పెట్టె మూత తెరిచాడు. ఇద్దరూ రెండు రికార్డులూ రెండు వైపులా విన్నారు. ఏడోది ఆగిపోయాక సుక్రు బాగా ఆలోచించి, "ఆరోదే నయం మాస్టారూ," అన్నాడు.

మాస్టారికీ అలాగే అనిపించింది గానీ, ఆ మాట ఆనందమ్మ దాకా వెళ్లనివ్వొద్దని సుక్రుని బతిమాలుకుని కొండ దిగాడు.