మాస్టారి టోపీ, తెల్లపిట్ట గుడ్డు

ఆ ఉదయం మాస్టారి పథకంలో చిక్కేమీ లేదు. ఎనిమిది గంటల పడవెక్కి చిన్న దీవికి వెళ్లడం, గూడు కట్టకుండా దొరికిన చోటే గుడ్డు పెట్టే తెల్లపిట్ట గుడ్డును అందరికంటే ముందు చూడడం, సాయంత్రానికి పక్షి ప్రేమికుల సంఘానికి అధ్యక్షుడైపోవడం. ముందు చూసినవాళ్లకే కుర్చీ అని సంఘం తీర్మానం మరి!

"నువ్వు నీడలో కూర్చోవోయ్. ఇది నిపుణుల పని," అన్నారు భార్యతో. టోపీ అంచు బైనాక్యులర్స్‌కు అడ్డొస్తోందని తీసి, ఆవిడ పక్కనే రాయి మీద బోర్లించారు.

"నెత్తి మాడిపోతుందండీ!" అంటూ ఆవిడ తెల్ల తువ్వాలు ఆయన బట్టతలకు చుట్టింది.

కాస్త దూరంలో పొద వెనక పెద్ద ఉడుమొకటి ఎండ కాచుకుంటోంది. గుడ్లు తినే ఉడుమున్న చోట గుడ్డు లేకుండా ఎలా ఉంటుంది? మాస్టారు ఆ పొదలోకి దూరి బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టారు.

ఎదురు దిబ్బ మీద సభ్యులతో ఉన్న సంఘం కార్యదర్శికి పొదలో తెల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది. "అబ్బో, ఎంత పెద్ద పిట్టండీ! పొదుగుతోంది!"

దీవి కాపలాదారు పరుగున వచ్చి పొద చుట్టూ దూరంగా తాడు కట్టాడు. "ఎవరూ కదలొద్దు, నోరెత్తొద్దు!" అన్నాడు. ఇరవై బైనాక్యులర్లు అటే తిరిగాయి. అది చూసి మాస్టారి గుండె ఝల్లుమంది. అందరూ ఇటే చూస్తున్నారంటే పిట్ట తన వెనకే ఉందన్నమాట! మెల్లగా మెడ తిప్పారు.

"తల తిప్పింది!" అని గుసగుసలాడాడు కార్యదర్శి.

ఇంతలో చొక్కాలో చీమలు దూరాయి. మాస్టారు చేతులు విదిలించారు.

"రెక్కలు కొట్టుకుంటోంది!"

ఆ కదలికకు ఉడుము నింపాదిగా వచ్చి, నాలుకతో ఆయన ముక్కు తడిమింది.

"చచ్చాన్రా బాబోయ్!" అంటూ పిట్ట రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. కార్యదర్శి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

అప్పుడు నీడలోంచి మాస్టారి భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, మీ టోపీ మీద తెల్లపిట్ట గుడ్డు పెట్టింది. ఇందాకే చెబుదామనుకున్నా. నోరెత్తొద్దన్నారుగా!"

నిజమే. టోపీ నడిమి సొట్టలో గుడ్డు, దాని మీద పిట్ట. కాపలాదారు తాడు విప్పి అక్కడ కట్టాడు.

మాస్టారు తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నారు. కానీ సంఘం పుస్తకంలో ఆవిడ తన పేరు రాస్తుంటే ఆయన ఛాతీ దానంతటదే పొంగింది. తిరుగు పడవలో ఒక్కొక్కరినీ పిలిచి మరీ చెప్పారు. "అధ్యక్షురాలు మా ఆవిడేనండీ! నిపుణులంతా నన్ను చూస్తుంటే, గుడ్డును చూసింది తనొక్కతే!"

టోపీ మాత్రం పిల్ల ఎగిరిపోయాకే ఇస్తానని కాపలాదారు రసీదు రాసిచ్చాడు.