అత్తగారి పచ్చగాజు గిన్నెపై గైగర్ దండయాత్ర

హిమము కరగి చూరుల వెంట ధారలు కట్టు వేళ, గాజుకొలుముల ఖ్యాతి గల బొహీమియా సీమలో, యబ్లొనెత్స్ పురమున, మూడవ అంతస్తు వంటింట, స్వహస్తనిర్మిత గైగర్ యంత్రధారియై, అదృశ్యకిరణాన్వేషణ దీక్షాపరుడై వెలుగొందు జ్బినెక్ మహావీరుని సమరగాథ చెప్పెదను, చెవులొగ్గుడు. కిరణము సోకినపుడెల్ల టిక్కుమనవలసిన ఆ యంత్రమో, ఎక్కడ పెట్టినను అడపాదడపా ఒక్క టిక్కు మాత్రమే అనుచు బద్ధకముగా పడియుండెను. అది బతికినదో చచ్చినదో తేల్చుటకు, కిరణములు వెదజల్లియు ఒంటికి హాని చేయని వస్తువొకటి కావలెను. ఏలయన గృహసామ్రాజ్ఞియు వీరుని అత్తగారునగు ద్రహొమీర, ఆదివారపు భోజనములలోగా అది పనిచేయునని తేలకున్న, అతడు ఆక్రమించిన వంటబల్ల మూల ఖాళీ చేయించి సరంజామా యావత్తు నేలమాళిగకు పంపెదనని శాసించియుండెను. అక్కడ దీపము లేదు, పైగా ఎలుకలు.

అరటిపండులోని పొటాషియం సైతము లేశముగా కిరణములు చిమ్మునని చదివి, వీరుడు తొలుత దానిపై దండెత్తెను. యంత్రము ఉలకలేదు, పలకలేదు; పండును వీరుడే తినివేసెను. గ్యాసు లాంతరులో వెలుగు వలలలో కిరణములు చిమ్ము థోరియం ఉండునని విని అంగడికేగగా, అది కలుపుట మానివేసి ఏళ్లయినదని అంగడివాడు నవ్వెను. పాతసామానుల సంతలో రేడియం పూసిన గడియారము దొరికెను గాని, రంగు పొట్టులుగా రాలుట చూచి, ఆ పొడి ఊపిరిలో చేరిన కొంప మునుగునని వెనుదిరిగెను. మహావీరులకు సైతము భయముండును, అందులో తప్పేమి?

అపుడు చూపు అద్దాల బీరువాపై పడెను. అందు అత్తగారి అమ్మమ్మ నాటి పచ్చగాజు గిన్నె! కొద్దిపాటి కిరణములు చిమ్ము యురేనియం కలిపి పోసిన అసలు సిసలు గాజని ఆమె వచ్చినవారికెల్ల చెప్పుకొను సొత్తు. దానియెదుటను యంత్రము మూగయైనచో తప్పు యంత్రముదా, గిన్నెదా? రెండవ మాట అనగలవాడు ఆ యింట పుట్టలేదు.

"అత్తయ్యా, ఒక్కసారి ఆ గిన్నె దగ్గర పెట్టి చూస్తాను. అనుమానం నా పెట్టె మీదే."

"చూడు నాయనా. అది మూగబోయిందంటే మాత్రం పెట్టెతో పాటు నువ్వూ కిందికే."

వీరుడు యంత్రమును గిన్నెకు చేరువ చేసెను. టిక్కు. టిక్కుటిక్కు. ఆపై పోపులో ఆవాలవలె చిటపటలాడుచు తుములధ్వని చెలరేగెను. జ్బినెక్ సిగ్గు విడిచి ఏడ్చెను. అత్తగారు గొంతు సవరించుకొనెను.

"నేను చెప్పలా? సరే, చెప్పులేసుకో. ఎదురింటి జ్దెన్య కూడా తన గిన్నె ఇలాంటిదేనంటుంది ఎప్పట్నించో. పద."

ఎదురింట యంత్రమును గిన్నె చుట్టు ఎన్ని ప్రదక్షిణములు చేయించినను అదే బద్ధకపు టిక్కు. జ్దెన్య ముఖము వాడెను. పోనీలే, మామూలు గాజైనా చూడ ముచ్చటగా ఉన్నదని ఓదార్చి, ద్రహొమీర పెదవులు బిగించి నవ్వాపుకొనుచు ఇల్లు చేరి, తన చేతులతోనే రొట్టెల డబ్బా పక్కకు జరిపెను.

"మూల కాదు అల్లుడూ, కిటికీ దాకా నీదే."

ఇట్లు, మ్రోగుమని ఇన్నినాళ్లు కాళ్లావేళ్లా పడిన యంత్రమే, మ్రోగక ఊరకుండి, జ్బినెక్ మహావీరునకు మూరెడు వంటబల్ల జయించి యిచ్చెను.