ఒకే ఒంట్లో ఏడుగురు సంతోషవంతులు

మన దేశంలో పిల్లలందరూ సంతోషంగానే పెరుగుతున్నారని, ఇందులో మార్పు లేదని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున నేను ఒక చీకటి గదికి తలుపు బిగిస్తున్నాను. నేను టీవీ సీరియళ్ళకు సెట్లు వేసే వడ్రంగిని.

ఆ గది ఒక సీరియల్ కోసం. అది విదేశాల్లో బాగా ఆడింది. మన ప్రభుత్వ టీవీ కోసం దాన్నే మళ్ళీ తీస్తున్నారు. హీరోను చిన్నప్పుడు తండ్రి చీకటి గదిలో పెట్టి గడియ వేస్తుంటాడు. ఆ బెదురుకు పెద్దయ్యాక అతనిలో ఏడుగురు మనుషులు తయారవుతారు. ఒకడు కొడతాడు, ఒకడు పాడతాడు, ఒకడు చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు.

మధ్యాహ్నానికల్లా దర్శకుడికి మంత్రిగారి నుంచి పిలుపు వచ్చింది. సెట్టు ప్లాన్లు మోయడానికి వెంట నేనూ వెళ్ళాను.

"ఏడుగురూ ఉండొచ్చు. చీకటి గది మాత్రం వద్దు," అన్నారు మంత్రిగారు.

"గది లేకపోతే ఏడుగురు ఎలా వచ్చారని జనం అడుగుతారు సార్," అన్నాడు దర్శకుడు.

మంత్రిగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"ప్రతిభ," అన్నారు.

ఇంత సూటిగా ఆలోచించే మనిషిని నేను అంతవరకు చూడలేదు.

ఆయన పీఏకి ఒక సందేహం వచ్చింది. "ఒక్క మనిషిలో ఏడుగురుంటే ఓట్లెన్ని సార్?"

"మనకు వేస్తే ఏడు."

"పింఛన్లు?"

"మనిషి ఒక్కడేగదయ్యా."

సీరియల్ మొదలైంది. కొట్టేవాడు కరచాలనాలు చేశాడు. ఏడ్చేవాడు ఆనందబాష్పాలు రాల్చాడు. ఏడుగురూ ఏడు రకాల చొక్కాలు వేసుకుని ఒకేలా నవ్వారు. "ఇప్పుడొచ్చినవాడు ఎన్నోవాడండీ?" అని మా ఆవిడ ఇంట్లో అడిగేది. "అన్నా, ఈ సీన్లో నేనెవర్ని?" అని హీరో సెట్లో అడిగేవాడు. ఇద్దరికీ నేనే చొక్కా చూసి చెప్పేవాణ్ణి.

మూడోవారానికి చూసేవాళ్ళు కరువయ్యారు. సీరియల్ ఆపేస్తామని టీవీవాళ్ళు కబురు పెట్టారు. ఆగితే సెట్లో అందరం ఇంట్లో కూర్చోవాల్సిందే. చీకటి గది సీను ఒక్కటి పెట్టనివ్వమని దర్శకుడు మంత్రిగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయనది జాలిగుండె. స్వయంగా వచ్చి చూసి నిర్ణయిస్తానన్నారు.

టార్పాలిన్ తీసి గది చూపించాను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ప్లైవుడ్ గోడలు, లోపలంతా నల్లరంగు.

"ఇలాంటి గది నేనెక్కడా చూడలేదు," అన్నారు మంత్రిగారు. తర్వాత గడియ మీద చెయ్యి వేశారు. "మేస్త్రీ, ఇది ఇంత కిందికి పెట్టావేంటి?"

"చేతికందాలని సార్."

"పిల్లాడు లోపల్నుంచి స్కేలు దూర్చి తీసేస్తాడు. పైకి జరుపు."

జరిపాను.

"తలుపు కింద సందు చాలదు. కాళ్ళు కనపడాలి."

"ఎవరి కాళ్ళు సార్?" అన్నాడు దర్శకుడు.

"వచ్చేదెవరో తెలియాలిగదా. వాళ్ళమ్మయితే తలుపు దగ్గర కాసేపు ఆగుతుంది. తీయదనుకో."

రంపంతో తలుపు అడుగున వేలెడంత కోశాను. మంత్రిగారు వంగి చూసి తలూపారు. "వాణ్ణి మూలన కూర్చోబెట్టకండి. తలుపుకి ఆనుకునే కూర్చుంటాడు," అన్నారు.

హీరోకి ముచ్చటేసింది. "ఇవన్నీ మీకెలా తెలుసు సార్?"

"పరిపాలనలో ఉన్నవాడికి అన్నీ తెలియాలి," అన్నారాయన.

ఇంతలో పత్రికలవాళ్ళు వచ్చారు. గదిలో భయపడాల్సిందేమీ లేదని జనానికి తెలిసేలా ఒక ఫోటో కావాలన్నారు. మంత్రిగారు నవ్వుతూ లోపలికి వెళ్ళి నిలబడ్డారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. పీఏ పనిమంతుడు. కొత్తగా జరిపిన గడియ ఎలా పడుతుందో అందరికీ చూపిద్దామని తలుపు మూసి, గడియ వేశాడు.

పీఏ చిరునవ్వుతో మావైపు తిరిగాడు.

తలుపు కింద సందులోంచి నాలుగు వేళ్ళ కొసలు బయటికి వచ్చాయి.

"నాన్నగారూ, ఇంకెప్పుడూ చెయ్యనండీ," అంది లోపల్నుంచి ఒక సన్నని గొంతు, ఎంతో మర్యాదగా.

పీఏ కదల్లేదు. పత్రికలవాళ్ళు కెమెరాలు దించారు. నేనే వెళ్ళి గడియ తీశాను.

మంత్రిగారు నేలమీంచి లేచి, మోకాళ్ళు దులుపుకుని బయటికి వచ్చారు. నవ్వు పెదాల మీద ఎక్కడిదక్కడే ఉంది. మమ్మల్నందర్నీ ఒక్కొక్కరినే చూశారు.

"ఎవరైనా ఏమైనా విన్నారా?"

హీరో, దర్శకుడు, లైట్లవాళ్ళు, పత్రికలవాళ్ళు, నేను, అందరం ఒకే గొంతుతో అన్నాం.

"లేదు సార్."